ఈ ఏడు మంచు తక్కువట, మరి అవలాంచ్ (మంచుచరియ) భయం లేనట్టేనా? (కేదార్‌కంఠ, ఫ్రెండ్‌షిప్ శిఖరం, శీతాకాలం)

హెబ్బాళ బాటసారి · సోమవారం రాత్రి 9:40

బెంగళూరు తెలుగు కొండయాత్రికులందరికీ నమస్కారం. మా ఆఫీసు నుంచి ఆరుగురం జనవరి రెండో వారంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ యాత్రకు డబ్బు కట్టేశాం. అది కాక నాకూ మరో మిత్రుడికీ ఫిబ్రవరిలో మనాలీ దగ్గర ఫ్రెండ్‌షిప్ శిఖరం ఎక్కాలని ఉంది. వేసవిలో అక్కడ గుంపులు గుంపులుగా జనం ఉంటారట, చలికాలంలో అయితే కొండంతా మనదేనని ఒకాయన ఊరించాడు. ఇద్దరం వారాంతాల్లో రామనగర బండల మీద ఎక్కుతూనే ఉంటాం, ఒంట్లో సత్తువకు లోటు లేదు.

కేదార్‌కంఠ నడక మొదలయ్యే సాంక్రీ నుంచి వస్తున్న ఫొటోల్లో ఈసారి మంచు పలచగా కనిపిస్తోంది. మంచు తక్కువైతే అవలాంచ్ ముప్పు కూడా తక్కువే కదా? ఏజెన్సీ వాళ్లు నూటికి నూరుపాళ్లు భద్రం అంటున్నారు. ఇంట్లో మాత్రం ఎవరూ నమ్మడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాతిగోడ · సోమవారం రాత్రి 10:25

ఈ రెంటినీ ఒకే గాటన కట్టకండి.

కేదార్‌కంఠ దాదాపు 3,800 మీటర్లు. సాంక్రీ నుంచి మామూలుగా వెళ్లే దారి చాలా వరకు దట్టమైన అడవిలోంచి సాగుతుంది. చివర్లో కొండకొమ్ము మీద మాత్రం చెట్లుండవు, వాలు పెరుగుతుంది. అక్కడ చలి, గాలి, గట్టిపడిన మంచు మీద జారిపడటం ముందు ఆలోచించాల్సినవి. అవలాంచ్ ముప్పు తక్కువే, కానీ బొత్తిగా లేదని చెప్పే ఏజెన్సీని నేను నమ్మను.

ఫ్రెండ్‌షిప్ సంగతి వేరు. 5,289 మీటర్ల శిఖరం. పై వాలులు సరిగ్గా మంచు పలకలు విరిగి జారడానికి అనువైన కోణంలో ఉంటాయి. పలకగా విరిగే అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో పుడతాయి. అంతకంటే నిటారుగా ఉంటే మంచు నిలవదు, ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా రాలిపోతుంది. పోనీ శిఖరం మాట అటుంచండి, ఫిబ్రవరిలో సోలంగ్ నుంచి ధుండీ వైపు వెళ్లే లోయలోకే పక్క కొండల మీదనుంచి చరియలు దిగుతుంటాయి. కొండ మొదలు చేరకముందే పరీక్ష మొదలవుతుంది.

ఇక మంచు తక్కువైతే ముప్పు తక్కువ అన్న లెక్క. చాలామంది అలాగే అనుకుంటారు, కానీ జరిగేది తరచు దానికి తలకిందులు. నేలకు ఆనుకున్న మంచు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. పైన రాత్రి గాలి మైనస్ 15కు దిగిపోతుంది. మంచు రెండు మీటర్ల మందం ఉంటే ఆ తేడా ఆ మందమంతటా సర్దుకుంటుంది. నలభై సెంటీమీటర్లే ఉంటే ఎక్కడ సర్దుకోవాలి? ప్రతి పది సెంటీమీటర్లకూ ఒక డిగ్రీకి మించి తేడా వచ్చిందంటే అడుగునుంచి నీటి ఆవిరి పైకి లేస్తూ, దారిలో ఉన్న రేణువుల మీద గడ్డకట్టి వాటి రూపం మార్చేస్తుంది. కోణాలు తేలిన పెద్ద పెద్ద పలుకులు తయారవుతాయి. ఉత్తరకాశీలో శిక్షణ తీసుకునేటప్పుడు గుంట తవ్వి చూపించారు. అడుగు పొరలోంచి ఒక గుప్పెడు తీసి ఎంత నొక్కినా ముద్ద కాలేదు, బొంబాయి రవ్వలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఫిబ్రవరిలో పశ్చిమ అలజడులు (పడమటి నుంచి వచ్చే చలికాలపు తుఫానులు) వచ్చి కురిపించే మంచంతా నిలబడాల్సింది ఆ పొర మీదే. దాని మీద మనిషి అడుగు పడితే చాలు.

సర్జాపుర రోడ్డు · సోమవారం రాత్రి 11:10

కొత్తగా వెళ్లేవాళ్లను ఇలా బెదరగొట్టడం ఈ వేదికకు అలవాటైపోయింది. ఏటా వేలమంది కేదార్‌కంఠ ఎక్కి దిగుతున్నారు. అక్కడి గైడ్లు ఆ మంచులో పుట్టి పెరిగినవాళ్లు. మనం ఇక్కడ ఫిల్టర్ కాఫీ తాగుతూ డిగ్రీలు, సెంటీమీటర్లు లెక్కపెట్టడం, వాళ్లకు పాఠాలు చెప్పడం హాస్యాస్పదం. గైడు మాట విను, వెళ్లు, రా. అంతే.

రాతిగోడ · మంగళవారం ఉదయం 7:15

గైడుకు పాఠం చెప్పమని నేనెక్కడా అనలేదు. ఆయనకు తెలిసినంత నాకు తెలియదు కూడా. కానీ అనుభవం ఒక్కటే కవచం అనుకుంటే 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపది కా దండా-2 శిఖరం మీద వచ్చిన అవలాంచ్‌ను గుర్తు చేసుకోండి. నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం అది. శిక్షకులతో కలిపి 29 మంది పోయారు. వారిలో సవితా కన్స్వాల్ ఉన్నారు. అదే ఏడాది మే నెలలో పదహారు రోజుల వ్యవధిలో ఎవరెస్టు, మకాలు రెండూ ఎక్కిన మనిషి. ఆవిడకంటే కొండ తెలిసిన గైడు మనకు సాంక్రీలో దొరుకుతాడా?

సర్జాపుర రోడ్డు · మంగళవారం ఉదయం 8:02

అది 5,600 మీటర్లకు పైన ఉన్న శిఖరం, అదీ అక్టోబరులో. కేదార్‌కంఠ అడవి దారితో పోలికేమిటి?

రాతిగోడ · మంగళవారం ఉదయం 8:20

కేదార్‌కంఠతో పోల్చలేదండీ. వాళ్లడిగిన ఫ్రెండ్‌షిప్‌తో పోల్చాను. నా పోస్టులో మొదటి వాక్యం మళ్లీ చదవండి.

మాజీ సుబేదార్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

నాది కర్నూలు జిల్లా. సైన్యంలో చాలాకాలం మంచులోనే గడిచింది, ఇప్పుడు యలహంకలో స్థిరపడ్డాను. తమ్ముళ్లిద్దరూ వాదించుకుంటున్నారు గానీ అసలు ప్రశ్న అడగలేదు. మంచు కురిసి ఎన్ని గంటలైంది?

తుఫాను ఆగి, తెల్లవారి ఆకాశం నీలంగా మెరిసిపోతుంటే కొత్తవాళ్లకు ప్రాణం లేచివస్తుంది. మా పోస్టుల్లో ఆ రోజే కదలనిచ్చేవారు కాదు. కొత్త బరువు పడింది, కింది పొర ఇంకా సర్దుకోలేదు, పైగా ఎండ. కనీసం ఒకటి రెండు రోజులు ఆగడం, తప్పనిసరైతే ఎండ తగలకముందే వాలు దాటేయడం, దాటేటప్పుడు ఒక్కొక్కరే, మధ్యలో బాగా ఎడం. అందరూ ఒక్కసారి వాలు మీద ఉంటే బరువూ ఎక్కువ, విరిగితే వెతకడానికి పైన మిగిలేవాడూ ఉండడు. ఇప్పటి యాత్రల్లో ఇరవై మంది చీమలబారులా వాలు మధ్యలో ఆగి సెల్ఫీలు దిగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

2016 ఫిబ్రవరి 3న సియాచెన్‌లో సోనమ్ పోస్టు మీద మంచుగోడ విరిగిపడింది. పందొమ్మిదో మద్రాస్ బెటాలియన్ వాళ్లు పదిమంది. కర్ణాటక, తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర పిల్లలతో పాటు మా జిల్లా కుర్రవాడూ ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత ధార్వాడ జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో దొరికాడు. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ వార్త చూసి, మంచులో కూరుకుపోయినా ఆరు రోజులు బతకవచ్చని అనుకునేవాళ్లను నేను చూశాను. ఆయన గుడారంలో ఉండగా గాలి మసలే చోటు దొరికింది కాబట్టి అన్ని రోజులు ఊపిరి నిలిచింది. మీ ఒంటి మీద మంచు పడితే అలాంటి చోటు ఉండదు.

జయనగర డాక్టరమ్మ · మంగళవారం రాత్రి 8:45

సుబేదార్ గారి చివరి మాటకు కొనసాగింపు. అవలాంచ్‌లో కూరుకుపోయినవాళ్లలో ఎక్కువమంది చలికి పోరు, ఊపిరాడక పోతారు. జారేటప్పుడు మెత్తగా కనిపించే మంచు ఆగగానే గట్టిపడిపోతుంది, వేలు కూడా కదపలేరు. వదిలిన ఊపిరిలోని తడి ముఖం ముందే గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఏళ్ల తరబడి పోగుచేసిన లెక్కల ప్రకారం పది నిమిషాల్లోపు బయటకు తీసినవాళ్లలో పదికి తొమ్మిది మంది బతుకుతున్నారు. అరగంట దాటేసరికి మూడోవంతు కూడా మిగలరు.

ఇప్పుడు ఆలోచించండి. హిమాలయాల్లో పది నిమిషాల్లో మీ దగ్గరకు ఎవరు రాగలరు? హెలికాప్టరు రాదు, రక్షక దళం రాదు. మీ పక్కన నడుస్తున్నవాడే రావాలి, వాడి చేతిలో వెతికే పరికరం ఉండాలి. మూడు కావాలి: మనిషి ఎక్కడున్నాడో సిగ్నలుతో చెప్పే ట్రాన్సీవర్, మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, గట్టి లోహపు పార. ఒకటి లేకపోయినా మిగతా రెండూ దండగే. చేతులతో ఆ మంచు తవ్వలేరు. ట్రాన్సీవర్లన్నీ, ఏ కంపెనీవైనా, 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. ఫోను దగ్గరుంటే సిగ్నలు చెడుతుంది, కనీసం ఇరవై సెంటీమీటర్లు ఎడం ఉంచాలి, వెతికేటప్పుడు ఇంకా ఎక్కువ. మన బెంగళూరు పిల్లలకు ఇదే అన్నిటికన్నా కష్టమైన నియమం కావచ్చు.

2025 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున బదరీనాథ్ దగ్గర మాణాలో రోడ్డు కూలీల శిబిరం మీద చరియ పడింది. 54 మందిలో 46 మంది బతికారు. అంతమంది మిగలడానికి ముఖ్య కారణం వాళ్లు ఇనుప కంటెయినర్లలో పడుకుని ఉండటం. అక్కడా గాలి చోటే కాపాడింది.

రాతిగోడ · మంగళవారం రాత్రి 9:30

మాణా గురించి ఒక మాట. అంతకు ముందురోజు సాయంత్రమే చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ, డీజీఆర్ఈ, చమోలీ సహా ఉత్తరాఖండ్ జిల్లాల్లో 2,400 మీటర్లకు పైన అవలాంచ్ హెచ్చరిక ఇచ్చింది. అంటే చూసేవాళ్లకు సమాచారం ఉంది. శీతాకాలంలో జమ్మూ కశ్మీర్, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లకు వాళ్లు ఇలాంటి సూచనలు ఇస్తుంటారు. ముప్పును అయిదు స్థాయిలుగా చెబుతారు. మూడో స్థాయి అనగానే ‘మధ్యస్థమే కదా’ అని బయలుదేరతారు. యూరప్‌లో ఎక్కువ మరణాలు జరిగేది ఆ మూడో స్థాయి రోజుల్లోనే. నాలుగు, అయిదు వచ్చినప్పుడు జనం ఎలాగూ ఇంట్లో కూర్చుంటారు.

ఆ సూచన జిల్లా మొత్తానికి సంబంధించినది. మీరు నిలబడిన వాలు గురించి అది చెప్పదు. అది మీ కళ్లతో చూసుకోవాలి.

విజయనగర అమ్మ · బుధవారం ఉదయం 6:50

నేను కొండలెక్కే మనిషిని కాను. మా అబ్బాయి మొదటిసారి కేదార్‌కంఠ వెళ్తున్నాడు, వాడు చదవమంటే ఇదంతా చదివాను. సగం అర్థమైంది, రాత్రి నిద్ర పట్టలేదు. వద్దంటే వినడు. ఏజెన్సీకి ఫోను చేసి నేను ఏమేమి అడగాలో మామూలు మాటల్లో చెప్పండి బాబూ.

మాజీ సుబేదార్ · బుధవారం ఉదయం 7:40

అమ్మా, ముందు ధైర్యంగా ఉండండి. కేదార్‌కంఠకు వెళ్లిన పిల్లలు తిరిగి వస్తూనే ఉన్నారు. భద్రమేనా అని అడగకండి, ఎవరైనా అవుననే అంటారు. ‘కిందటేడు ఎప్పుడైనా మధ్యలో వెనక్కి తిప్పారా, ఎందుకు తిప్పారు’ అని అడగండి. ఒక్కసారీ తిప్పలేదని గొప్పగా చెప్పుకునేవాళ్లైతే అనుమానించండి. శిఖరం రోజు ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలని నియమం పెట్టారో అడగండి. ఇద్దరు జబ్బుపడితే దింపడానికి వేరే మనిషి ఉన్నాడా, కిందికి మాట్లాడటానికి వైర్‌లెస్ ఉందా అని కూడా.

జయనగర డాక్టరమ్మ · బుధవారం ఉదయం 9:05

అమ్మా, మీ అబ్బాయి దారికి సంబంధించినంత వరకు చరియల కన్నా చలి గురించి ఎక్కువ పట్టించుకోండి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోనే సహస్ర తాల్ దగ్గర మన కర్ణాటక బృందంలో తొమ్మిది మంది పోయారు. చాలామంది కొండలు బాగా తిరిగినవాళ్లే. అక్కడ చరియ పడలేదు. మంచుగాలి చుట్టుముట్టింది, దారి కనిపించలేదు, చలి తీసుకుపోయింది. అదీ ఎండాకాలంలో. ఒంటికి ఆనుకునే బట్టల్లో నూలు వద్దు. చెమటతో తడిసిన నూలు ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఉన్నిదో సింథటిక్‌దో తొడగమనండి. మాట తడబడినా, నడక తూలినా, చలిలో కోటు గుండీలు విప్పేస్తున్నా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదని పిల్లలందరికీ చెప్పండి.

నెల్లూరు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి · బుధవారం మధ్యాహ్నం 12:15

చెడు వాతావరణం అనగానే మా జిల్లావాళ్లకు మల్లి మస్తాన్ బాబే గుర్తొస్తారు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు ఎక్కిన మనిషి, 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఆయన స్థాయికి మనం వెయ్యోవంతు కూడా కాదు. ఫిబ్రవరిలో ఇద్దరే ఫ్రెండ్‌షిప్ ఎక్కుతామంటే వెంట మూడో మనిషైనా ఉండాలా వద్దా?

సర్జాపుర రోడ్డు · బుధవారం మధ్యాహ్నం 2:40

సరే, ఫిబ్రవరిలో ఫ్రెండ్‌షిప్ వద్దనే నేనూ అంటాను. కానీ గైడ్ల గురించి నా మాట మార్చుకోను. వాళ్ల కళ్లు చూసేది మన ఫోన్లు చూడవు. నేను వెళ్లినప్పుడు మా గైడు అడవి మధ్యలో ఒక ఖాళీ చాలు దగ్గర ఆపాడు. చుట్టూ నిండుగా చెట్లు, అక్కడ మాత్రం పైనుంచి కింద దాకా ఏమీ లేదు. అంచుల్లో ఉన్న చెట్లకు కొండ వైపు కొమ్మలన్నీ విరిగిపోయి, కిందివైపు కొమ్మలే మిగిలాయి. లేత మొక్కలన్నీ పల్లానికి వంగి ఉన్నాయి. ‘ఇది మంచు దిగే దారి, ఇక్కడ నీళ్లు తాగడానికి కూడా ఆగకండి’ అన్నాడు. ఒక్కొక్కరినే పంపించి, అందరూ దాటాక చివరికి తను దాటాడు. డిగ్రీలు ఏమీ చెప్పలేదు.

రాతిగోడ · బుధవారం సాయంత్రం 6:30

ఇది చక్కటి గైడు పని. ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు. మనం నిలబడిన చోటు చదునుగానే ఉండవచ్చు, పైన వాలు ఉంటే దాని దారిలోనే ఉన్నట్టు.

అయితే మీ వాదనలో ఒక సంగతి తప్పిపోయింది. గైడుకు తెలిసినా ఆపగలిగే పరిస్థితి ఉందా? మనం శుక్రవారం రాత్రి విమానమెక్కి దెహ్రాదూన్, అక్కడినుంచి రోజంతా ప్రయాణం చేసి సాంక్రీ. తిరుగు టికెట్టు ముందే కొన్నాం, సోమవారం మేనేజరుకు ముఖం చూపించాలి. వెనకాల మరో జట్టు వస్తోంది, వాళ్లకు గుడారాలు ఖాళీ చేయాలి. రెండు రోజులు మంచు కురిసిందనుకోండి. ఆగుదామని గైడు అంటే పదిహేనుమంది డబ్బు వాపసు అడుగుతారు, నక్షత్రాలు తగ్గించి రివ్యూ రాస్తారు. అప్పుడు ఆయన అనుభవం గెలుస్తుందా, మన సెలవు చీటీ గెలుస్తుందా? తేదీలకు కట్టేసిన ఈ ప్యాకేజీలు కూడా ముప్పులో భాగమే. ఒక్క రోజు అదనంగా పెట్టుకుని, తేదీ మార్చుకోగల టికెట్టు కొనుక్కుంటే గైడు చేతికి కాస్త బలం ఇచ్చినవాళ్లం అవుతాం.

సర్జాపుర రోడ్డు · బుధవారం సాయంత్రం 7:10

దీనికి మాత్రం ఒప్పుకుంటాను. రివ్యూ రాసే మహానుభావులను నేనూ చూశాను.

హెబ్బాళ బాటసారి · గురువారం రాత్రి 9:20

అందరికీ ధన్యవాదాలు. ఏజెన్సీకి సుబేదార్ గారి ప్రశ్నలే పంపాను. వెనక్కి తిరగాల్సిన గంట, వైర్‌లెస్ గురించి వెంటనే స్పష్టంగా చెప్పారు. ‘ఎప్పుడైనా తిప్పారా’ అన్నదానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు. ఫ్రెండ్‌షిప్‌ను జూన్‌కు జరిపాం. అంతకు ముందు మనాలీలోనో ఉత్తరకాశీలోనో పర్వతారోహణ బేసిక్ కోర్సులో సీటు దొరుకుతుందేమో చూస్తున్నాం. వాలు కొలవడం ఇక్కడే నేర్చుకోవచ్చా?

రాతిగోడ · గురువారం రాత్రి 10:00

నేర్చుకోవచ్చు. ఫోనులో వాలు చూపించే యాప్ వేసుకుని అపార్టుమెంటు మెట్ల పక్కనుండే కమ్మీ మీద ఆనించి చూడండి. సాధారణంగా 30 డిగ్రీల పైచిలుకు చూపిస్తుంది. ఆ వాలు కంటికి బాగా అలవాటు కావాలి.

మంచులో ఫోను చచ్చిపోతే రెండు ట్రెక్కింగ్ కర్రలు చాలు. రెంటినీ ఒకే పొడవుకు సర్దండి. ఒక కర్ర మొదలు వాలుకు ఆనించి, రెండో కొస పల్లం వైపు గాలిలోకి వచ్చేలా అడ్డంగా సమంగా పట్టుకోండి. ఆ కొస నుంచి రెండో కర్రను నిలువుగా కిందికి దించండి. సరిగ్గా సగం పొడవులో మంచు తగిలితే వాలు 27 డిగ్రీల దగ్గర. సగం దాటి దిగిందంటే జాగ్రత్త పడాల్సిన వాలులో ఉన్నారు. మొత్తం దిగితే 45. తురహళ్లి గుట్ట మీద ఆదివారం పొద్దున్నే చేసి చూడండి, కాకపోతే వాకింగ్‌కు వచ్చినవాళ్లు వింతగా చూస్తారు.

వాలు ఒక్కటే చాలదు. నడుస్తుంటే కాళ్ల కింద ‘వుంఫ్’ మని బరువుగా కుంగిన చప్పుడు వచ్చినా, అడుగు చుట్టూ పగుళ్లు పరుగెత్తినా, పక్క వాలులో కొత్తగా జారిన చరియ కనిపించినా ఇంకేం కొలవకండి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి. ఇంకొకటి, కేదార్‌కంఠ కొండకొమ్ము మీద గాలి వాటుకు మంచు చూరులా బయటికి పెరుగుతుంది. పైన నిలబడినవాడికి దాని కింద నేల లేదని తెలియదు. అంచున నిలబడి ఫొటో వద్దు.

విజయనగర అమ్మ · శుక్రవారం ఉదయం 7:00

నేనూ ఫోను చేశాను. పోయిన ఏడు మార్చిలో ఒక జట్టును శిఖరం కిందనుంచే గాలి ఎక్కువై తిప్పేశారట, కొందరు గొడవ కూడా పెట్టుకున్నారట. ఆ మాట విన్నాక కాస్త కుదుటపడ్డాను. మా అబ్బాయి బూట్ల కింద బిగించుకునే ముళ్లపట్టీలు ఇక్కడ కొనాలా, అక్కడ అద్దెకు దొరుకుతాయా?

మాజీ సుబేదార్ · శుక్రవారం ఉదయం 7:35

సాంక్రీలో అద్దెకు దొరుకుతాయమ్మా. కానీ అక్కడ తీసుకునేటప్పుడు బూటుకు తొడిగించి రబ్బరు పగుళ్లు చూసుకోమనండి, పాతబడినవి నడకలో ఊడిపోతాయి. బూట్లు మాత్రం ఇక్కడే కొని, కనీసం రెండు మూడు వారాలు వేసుకుని నడవాలి.

జయనగర డాక్టరమ్మ · శుక్రవారం ఉదయం 8:50

బీమా కాగితం కూడా చదవమనండి. చాలా పాలసీల్లో ఎత్తుకు ఒక పరిమితి ఉంటుంది, తాళ్లతో ఎక్కే యాత్రలను మినహాయిస్తారు. కేదార్‌కంఠకు పనికొచ్చిన పాలసీ జూన్‌లో ఫ్రెండ్‌షిప్‌కు పనికిరాకపోవచ్చు, హెబ్బాళ వాళ్లు ఇప్పుడే చూసుకుంటే మంచిది.

నిర్వాహకుడు · శుక్రవారం ఉదయం 10:15

బీమా, అద్దె సామగ్రి ప్రశ్నలకు వేరే చర్చ తెరిచాను, వాటిని అక్కడ అడగండి. జనవరిలో వెళ్లేవాళ్లు సాంక్రీ చేరాక అక్కడి మంచు పరిస్థితి, ఏ రోజు కురిసింది, గాలి ఎటునుంచి వీచింది అన్నవి ఇక్కడే రాస్తే తర్వాతి జట్లకు పనికొస్తుంది.